ముప్పై పౌండ్లు

మామిడి రసం ఉడికే వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ ఆ మంగళవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలవుతుంది. చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో ఆవిరి వాల్వు తిప్పడం నా పని. ఆ రోజు నుంచి దాన్ని కంప్యూటరే తిప్పాలి. ప్రోగ్రాం రాయడానికి రేణిగుంట నుంచి కామాక్షి అనే అమ్మాయి వచ్చింది. గుజ్జు ఉడికే తొట్టికి ఎంత ఒత్తిడితో ఆవిరి ఇవ్వాలో కాగితం మీద రాసిచ్చాను: ముప్పై.

“ముప్పై ఏంది పెద్దాయనా?” అంది.

“ముప్పై అంటే ముప్పయ్యే. ఇరవై ఏండ్లుగా మీటరు ముల్లును ఆడనే నిలబెడతా ఉండా.”

మేనేజరు శేషాద్రి గేటు వైపు చెయ్యి చూపాడు. “కొట్టేయమ్మా! కాయల లారీలు ఎండలో మాగిపోతా ఉండాయి. అంకెకు నామకరణం చేసేదానికి వచ్చినావా?”

ఆమె లేచి నన్ను మీటరు దగ్గరికి తీసుకుపోయింది. “అంకెల కింద ఏం రాసుండాదో చదవండి.”

నలభై దాటాక వయోజనుల బడిలో తెలుగు అక్షరాలు దిద్దినవాణ్ణి. ఇంగ్లీషు రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. “రాదు” అన్నాను. ఆమె నవ్వలేదు. “పీఎస్ఐ. అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి” అని తనే చదివింది.

కొత్త యంత్రం ఒత్తిడిని లెక్కేసేది చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలని. ఆ లెక్కలో మీటరు మీది ముప్పై పౌండ్లంటే రెండు కేజీలకు కాస్త పైన. తొట్టి మూడుకు మించి తట్టుకోదు. బాయిలరులో పది కేజీల ఆవిరి ఉంది. ముప్పై కేజీలు అడిగితే వాల్వు మొత్తం తెరుచుకుని ఉన్నదంతా తొట్టిలోకి తోసేది. తొట్టి పక్కన తెడ్డు పట్టుకుని నా భార్య మునెమ్మ.

“సూడండి” అని కంప్యూటరు ముందు కూర్చుని కేజీల చోట ముప్పై పౌండ్లు కొట్టింది. తెర మీద ఎర్ర గీత. ప్రోగ్రాం తయారు కానని మొండికేసింది.

“ఎవురాపినారు పాపా?”

“ఎవురూ లేదు. ఇందులో పౌండ్లు ఒక రకం, కేజీలు ఒక రకం. మార్చకుండా ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. వట్టి అంకె అయితే అసలు తీసుకోదు. నేనే మరిచిపోయి కొట్టినా ఈడనే ఆగిపోతాది. ఆవిరి దాకా రాదు.”

తప్పు జరిగిందని నాకు ఎప్పుడూ చెయ్యి కాలాకే తెలిసేది. ఈమె రాతలోనే పట్టేసింది. అంత తెలిసిన మనిషి, తానూ తప్పు చేస్తానని ముందే ఒప్పుకుని, తనకు కూడా అడ్డుకట్ట వేసుకుంది. అలాంటి మనిషిని నేను మరొకరిని చూడలేదు.

మీటరు కింది మూడు ఇంగ్లీషు అక్షరాలు ఆ మధ్యాహ్నం ఆమే నా చేత దిద్దించింది. ఇప్పుడు మనవడికి మందు ఐదు పట్టమంటే, “ఐదేంది? చుక్కలా, చెంచాలా?” అని అడిగి, చెప్పేదాకా కదలను. మందుల షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్ళం: కామాక్షి, శేషాద్రి, నేను, ఇదేమీ తెలియక తెడ్డు తిప్పుతూనే ఉన్న మునెమ్మ.