మైకమ్మ కోటు

ఆయన టైలరు. పనిమంతుడని వీధిలో మంచి పేరుంది. కానీ ఆ పనితనమంతా చూడాలంటే షాపులో తగిలించిన చొక్కాలు చాలవు, ఇంట్లో ఆయన భార్య కోటు తిరగేసి చూడాలి. పైకి అది బస్టాండు ఆఫీసువాళ్లందరూ వేసుకునే నీలం యూనిఫాం కోటే. లోపల మాత్రం విప్పిన కుట్లు, వాటి పక్కనే మళ్లీ వేసిన కుట్లు, చంక కింద నుంచి నడుము దాకా అదే నీలంలో అతికిన పట్టీలు. బయట నుంచి చూస్తే తోటి టైలరు కూడా పట్టుకోలేడు.

మెడలో టేపు తీయకుండానే బజారుకు వెళ్లిపోతాడని ఆయన్ని అందరూ టేపు మామయ్య అంటారు. ఆమె మైకమ్మ. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో చెప్పడం ఆమె ఉద్యోగం. కాగితం చూసి చదివే అలవాటు ఆమెకు లేదు, బస్సులన్నీ నోటికొచ్చు. డ్రైవర్లూ కండక్టర్లూ ఆమెంటే ప్రాణం పెడతారు. ఆ అభిమానమంతా క్యాంటీను నుంచి టీలుగా, బన్నులుగా, క్రీము బిస్కెట్లుగా ఆమె బల్ల మీదికి వచ్చేది. వెనక్కి పంపితే చిన్నబుచ్చుకుంటారని దేన్నీ కాదనేది కాదు. పొద్దస్తమానం కదలకుండా కూర్చోవడం, పంచదార దండిగా పడ్డ టీ తాగడం. మనిషి లావెక్కక ఏం చేస్తుంది?

ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది మామయ్యకే, కోటు గుండీ దగ్గర. పెళ్లైన కొత్తలో ఎవరో చుట్టాలావిడ ఆమె ఒంటి గురించి నవ్వుతూనే ఒక మాట అంటే, ఆమె ఆ పూటంతా గదిలోంచి బయటికి రాలేదు. తన చేత్తో కుట్టిన బట్ట మాత్రం ఆ మాట ఎన్నడూ అనకూడదని ఆయన అప్పుడే అనుకున్నాడు. అందుకే ఆమెకు ఏది కుట్టినా లోపల గుడ్డ ఎక్కువగా వదిలేవాడు. ఉతికిన బట్ట ఇస్త్రీకి వచ్చినప్పుడల్లా పక్కకుట్లు కాస్త వదులు చేసి, పాత కుట్టు జాడ కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో అణిచేసేవాడు. గుడ్డ అయిపోయిన చోట పట్టీ అతికేవాడు. ఆమె అద్దం చూసుకోదా అంటే, చూసుకుంటుంది. కానీ రోజూ చూసుకునే మనిషిలో రోజుకింత మార్పు ఎవరి కంటికి ఆనుతుంది? నిజం చెప్పేది బట్ట ఒక్కటే. దాని నోరు ఆయన కుట్టేశాడు.

ముందు షుగరు వచ్చింది, వెనకే బీపీ వచ్చింది. మాత్రలు గుర్తున్న రోజు వేసుకునేది. ఆ తర్వాత మాటలు తప్పిపోవడం మొదలైంది. మైకు మీద చెయ్యి వేసి, ఊరి పేరు అందక ఆగిపోయేది. ఇంట్లో తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికితే ఇద్దరూ నవ్వుకున్నారు. రెండోసారి దొరికినప్పుడు ఆయన ఒక్కడే నవ్వాడు.

ఒక మధ్యాహ్నం ఆమె రెండు ప్లాట్‌ఫాంలు తారుమారు చేసి చెప్పింది. సంచులూ పిల్లలతో జనం ఆ చివరికి పరుగెత్తారు. వాళ్లు ఎక్కాల్సిన బస్సు ఈ చివర నుంచి వెళ్లిపోయింది. చంకలో బిడ్డతో ఒకామె కిటికీ దగ్గరికొచ్చి నానా మాటలూ అంది. మేనేజరు మర్యాదస్థుడు. కొన్నాళ్లు సెలవు పెట్టి డాక్టరుకి చూపించుకోమన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం రికార్డు చేసిన గొంతు పెట్టుకోక తప్పదన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఇదంతా హాస్యంగానే చెప్పింది, మిషను గొంతుకైతే జలుబు కూడా చెయ్యదు లెండి అంది. కానీ చేతిలో ఉన్న మంచినీళ్లు తాగడం మర్చిపోయింది. ఆ గొంతు పోతే ఈ మనిషిలో ఇంకేం మిగులుతుందోనని మామయ్యకు గుండె జారిపోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్లే గానీ ఓపికగా చెప్పింది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదట, ఒంట్లో లోలోపల వాపు పుట్టిస్తుందట. షుగరూ బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయట. గురకతో నిద్ర తెగిపోవడం దానికి తోడట. మరుపుకి వేరే కారణాలూ ఉండొచ్చు, పరీక్షలన్నీ చేద్దాం అంది. పోయిందంతా తిరిగొస్తుందని మాటివ్వలేనంది. నడక, తిండి, మాత్రలు, నిద్ర సరిచేసుకుంటే ఇక ముందు మరుపు ముదరడం నెమ్మదించే అవకాశం ఉందంది. నడివయసులోనే జాగ్రత్తపడి ఉంటే ఇంకా బాగుండేదంటూ, బట్టలు బిగుతైనప్పుడైనా తెలియలేదా అని అడిగింది.

"నా బట్టలు ఎప్పుడూ బిగుతు కాలేదమ్మా. ఈయన కుట్టిన కొలత ఇప్పటికీ అదే. మీ బరువు మిషన్నే ఓసారి ఎవరికైనా చూపించండి" అంది మైకమ్మ గర్వంగా.

డాక్టరమ్మ చూపు మామయ్య మెడలోని టేపు మీదికి వెళ్లింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రమే ఆయన కోటు తిరగేసి బల్ల మీద పరిచాడు. ఎక్కడెక్కడ విప్పిందీ, ఎక్కడ అతికిందీ వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ కుట్ల మీద వేళ్లతో తడుముకుంటూ పోయింది. ఏడవలేదు. ఇన్నేళ్లూ నన్ను మోసం చేశారు అని మాత్రం అంది. తర్వాత రెండు రోజులు ఉలకలేదు, పలకలేదు. తన పక్క తీసుకెళ్లి ముందుగదిలో వేసుకుంది. తనకు జరగాల్సిన శాస్తే అనుకున్నాడాయన, అయినా ఆ ఇంట్లో ఆమె గొంతు లేకపోతే ఆయనకు సూదిలో దారం కూడా ఎక్కలేదు.

మూడో రోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే పలకరించింది. నీళ్లు కాగాయి, స్నానానికి లేవమంది. కోపం చల్లారిందని ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి ఆమె కోటు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"సెలవు అయిపోవస్తోంది. ఉతికితే ఇది కాస్త కుంచించుకుపోయినట్టుంది, ఒకసారి చూడండి."

అప్పుడు అర్థమైంది. ఆమె క్షమించలేదు, మర్చిపోయింది. ఆ కోపం, ఆ మౌనం, ఆయన చెప్పిన మాటలు, ఏదీ ఆమె దగ్గర లేదు. ఆయన కోటు పక్కకుట్లు తడిమి చూశాడు. ఎడమ పక్కన ఇంకో పట్టీకి చోటుంది. అతికితే ఆమె నవ్వుతూ వేసుకుంటుంది, ముందుగదిలో పక్క మళ్లీ పడదు. చెయ్యి కత్తెర మీదికి వెళ్లింది కూడా. ఆయన్ని తప్పుపట్టలేం, తిట్టు తినడం ఎవరికి ఇష్టం, అందులోనూ ఒకే తప్పుకి రెండుసార్లు.

కత్తెర పక్కన పెట్టి ఆమెను దగ్గర కూర్చోమన్నాడు. కోటు తిరగేసి మళ్లీ మొదటి కుట్టు నుంచి చెప్పుకొచ్చాడు, డాక్టరమ్మ చెప్పింది కూడా. ఆమె అంతా విని ఆయన మొహంలోకి చూసింది.

"ఇది నాకు ముందే చెప్పారా?"

"చెప్పాను."

"నేనేమన్నాను?"

ఏం చెప్పినా నమ్ముతుంది. పోనీలెండి అన్నావని చెప్పినా నమ్ముతుంది. అది ఆయనకూ తెలుసు.

"మోసం చేశానన్నావు. రెండు రోజులు మాట్లాడలేదు."

ఆమె కళ్లు నిండాయి. కోటు తీసి ఆయన మిషను మీద పెట్టి లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నడకకి మీరూ రండి అని పిలిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు. మెట్లు దిగేటప్పుడు ఆమె ఆయన భుజం పట్టుకుంది.

"సరిగ్గానే అన్నాను. మళ్లీ మర్చిపోతే మళ్లీ చెప్పండి. మళ్లీ తిడతాను."

చెబుతానన్నాడు ఆయన.