పేరు పెట్టని డ్రైవ్

మరిపెడ ఫోటో స్టూడియోల పద్మలత కుర్చీల కూసున్నది కూసున్నట్టే ఉండిపోయింది. చెయ్యి మౌస్ మీదనే ఉన్నది. పొద్దున పదకొండు అయితున్నది. కంప్యూటర్ల కొత్త విండోస్ ఎక్కింది, తెర అద్దం లెక్క మెరుస్తున్నది. పెండ్లిళ్ల డ్రైవ్ ఉన్నది. దాని పక్కన ఉండాల్సిన చిన్న డ్రైవ్, చనిపోయినోళ్ల ఫోటోలు దాసిన డ్రైవ్, లేదు.

మూసి తెరిచింది. లేదు. కంప్యూటర్ బందు చేసి మళ్ల పెట్టింది. లేదు. ఉన్న ఇంకో డ్రైవ్ తెరిస్తే అండ్ల పాత విండోస్ కాళ్లు సాపుకొని పండుకొని ఉన్నది. తీసేసిన అనుకున్నది ఉన్నది, ఉండాల్సినది పోయింది. నలభై ఆరుగురు మనుషులు. పోయినోళ్లను తలుసుకునే పెత్రమాస ఇంక నాలుగు రోజులే.

పద్మలతది దేవరుప్పుల. పదో తరగతిల లెక్కలు తప్పింది. పెండ్లయి మరిపెడకు వచ్చిన్నాడు మౌస్ ఎట్ల పట్టాల్నో తెల్వదు. మొగడు కరుణాకర్ కెమెరా మెడల ఏసుకొని పెండ్లిళ్ల పొంటి తిరుగుతుంటే, దుకాణంల కంప్యూటర్ ముంగట ఈమె కూసున్నది. ఎవ్వలు నేర్పలే. చూసుకుంట, చెడగొట్టుకుంట నేర్చుకున్నది. పదిహేనేండ్లల్ల ఎంత పనిమంతురాలు అయిందంటే, కండ్లు మూసుకున్న పెండ్లికొడుకు కండ్లు తెరిపిస్తది, అలిగిన ఆడిబిడ్డను పక్క ఫోటోలకెల్లి తెచ్చి నిలవెడ్తది. పెద్ద చదువుల పోరగాండ్లు కూడ వచ్చి ఈమెనే అడిగిపోతరు. ఇంత పని వచ్చినామెకు ఒకటే జబ్బు. తప్పు నాది అనే మాట ఆమె నోట్లెకెల్లి రాదు. కూర మాడితే పొయ్యిది తప్పు, ఆల్బం ఆలిస్యమైతే కరెంటుది తప్పు.

చనిపోయినోళ్లకు వేరే డ్రైవ్ ఎందుకంటే, దానికో కత ఉన్నది. రెండేండ్ల కింద ఒక తల్లి బిడ్డ పెండ్లి ఫోటోలు చూసుకుంట కూసున్నది. పసుపు పూసే ఫోటోలు అయినంక, దండేసిన ముసలాయన ఫోటో తెర మీదికి వచ్చింది. ఆ తల్లి లేచి చెప్పులేసుకొని పోయింది, మళ్ల ఆ గడప తొక్కలే. శుభం జరిగే ఇంట్ల దినాల ఫోటోలు ఎవ్వలు పెట్టుకుంటరు? అందుకని మానుకోట నుంచి కంప్యూటర్ రిపేర్ చేసే రవిని పిలిచి, డిస్కుల చిన్న ముక్క కోయించింది. పెండ్లిళ్లది ఒక దిక్కు, పోయినోళ్లది ఒక దిక్కు.

"దీనికేం పేరు పెట్టాలక్కా?" అని రవి అడిగిండు.

"పేరెందుకు తమ్మీ దానికి, గట్లనే ఉండనియ్యి," అన్నది. పెండ్లిళ్ల పక్కన ఆ పేరు రాయబుద్ధి కాలే.

నిన్న కంప్యూటర్ మొరాయిస్తుంటే రవి కొత్త విండోస్ ఉన్న పెన్ డ్రైవ్ పంపి ఫోన్ల చెప్పిండు. "నేను రేపొస్తనక్కా, అందాక ఆగు."

ఆగితే పద్మలత ఎందుకైతది? పొద్దున్నే కూసోని మొదలువెట్టింది. విండోస్ ఏ డ్రైవ్ల ఎక్కియ్యాల్నని అడిగే కాడికి పోయి చూస్తే సీ లేదు, డీ లేదు. ఒకటి, రెండు, మూడు అని వరస, పక్కన సైజులు. పెద్ద దాని మీద పెండ్లిళ్లు అని పేరున్నది, దాన్ని ముట్టలే. మిగిలిన రెంటికి పేర్లు లేవు. సీ డ్రైవ్ చిన్నగ ఉంటదని రవి ఎప్పుడో అన్న మాట యాదికొచ్చింది. రెంటిల చిన్నది చూసి డిలీట్ కొట్టింది. ఖాళీ జాగ అని చూపిచ్చింది. ఆ జాగలనే కొత్త విండోస్ ఎక్కిచ్చింది. సంబురంగ చాయ తాగింది కూడ.

రవికి ఫోన్ చేసింది. మొదలు అన్న మాట, "తమ్మీ, నీ పెన్ డ్రైవ్ల ఏదో లొల్లి ఉన్నది."

రవి అన్నీ ఇన్నడు. "అక్కా, ప్లగ్గు పీకు. ఏది ముట్టుకోకు. డిలీట్ కొడితే హద్దురాయి పీకినట్టే, పంట ఆడనే ఉంటది. కని నువ్వు ఆ మడిల నాగలి కూడ కట్టినవ్. దున్నిన కాడికి పోయినట్టే. ఇంకో కాపీ ఉన్నదా?"

"ఉన్నది."

"ఏ డ్రైవ్ల?"

"అండ్లనే. పక్క ఫోల్డర్ల."

"ఒక్క డిస్కును మూడు ముక్కలు చేస్తే మూడు డిస్కులు అయితయా అక్కా? సరే, నేనొస్తున్న."

ఫోన్ పెట్టేటాల్లకు యాకయ్య వచ్చి నిలవడ్డడు. పక్క ఊర్ల ఎవుసం చేసుకునే మనిషి. మొన్నటి వానలకు గోడ కూలి కన్నతల్లి ఓదెమ్మ ఫోటో మట్టిల కలిసింది. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమియ్యాలె, ముంగట ఫోటో ఉండాలె.

"చెల్లె, మా అవ్వ ఫోటో ఇంకోటి కడుగు," అన్నడు. "నీ తాన భద్రం ఉంటదని మా ఇంటిదానికి చెప్పొచ్చిన."

ఓదెమ్మ ఫోటో లోకంల ఇంకేడ లేదు. ఆ ముసలామె పోయే రెండు నెలల ముందట కొత్త చీర కట్టుకొని తనంతట తనే ఈ దుకాణానికి వచ్చింది. "నేను పోయినంక ఎవని పెండ్లిలనో ఎనక వరసల నిలవడ్డ దాన్ని కత్తిరిస్తరు నా కొడుకులు. ఇప్పుడే తియ్యి బిడ్డా," అన్నది. తీసినంక యాడ పెట్టాలని అడిగితే, "పోయినోళ్ల కాడనే పెట్టు. ఎట్లయినా ఆడికి పోయేదాన్నే," అని తిట్టి, నవ్వి పోయింది.

"కంప్యూటర్ ఖరాబైందన్నా," అన్నది పద్మలత.

"బాగయ్యేదాక కూసుంట," అని యాకయ్య స్టూలు మీద కూసున్నడు. తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నడు. లేవలే. అన్నం తినిరా అన్నా అంటే, ఆకలైతలేదు అన్నడు.

రవి వచ్చి డిస్కు పీకి తన లాప్టాపుకు తగిలిచ్చిండు. నాలుగింటికల్ల ఫోటోలు ఒక్కొక్కటి తేలినయి. పేర్లు లేవు, ఉత్త నంబర్లు. ముప్పై ఒక్కటి మంచిగున్నయి. తొమ్మిది సగం వచ్చినయి. ఆరు రానే లేదు.

"అక్కా, గీమెనా?" అన్నడు రవి.

తెల్లటి వెంట్రుకలు, రూపాయంత బొట్టు, మనిషిని నిలవెట్టి అడిగే కండ్లు, సగం ముక్కు. ఆడికెల్లి కిందికంత బూడిద రంగు, పలక లెక్క. పద్మలత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది.

యాకయ్య లేచొచ్చి చూసిండు. "నోరేది చెల్లె?"

"పోయిందన్నా."

"కంప్యూటర్ గిట్ల చేస్తదా?"

చెయ్యదని రవికి తెలుసు, పద్మలతకు తెలుసు. రవి తల వంచుకొని వైర్లు చుట్టుకుంటున్నడు. కంప్యూటర్దే తప్పంటే ఇద్దరిల ఎవ్వలు కాదనరు.

"కంప్యూటర్ చెయ్యలే," అన్నది పద్మలత. "ఆగమన్నా ఆగకుంట నేనే తీసేసిన. నా చేతుల్లనే పోయింది."

యాకయ్య తెర మీదికెల్లి కండ్లు తియ్యలే. "పెండ్లి ఫోటోలల్లకెల్లి మీ అక్క నోరు తెచ్చి అతికిస్తనన్నా, ఎవ్వలు గుర్తుపట్టరు," అన్నది.

"మా అక్కది మెత్తటి నోరు. అది పెడితే మా వాడోళ్లు ఎవ్వలు నమ్మరు," అన్నడు యాకయ్య. "ఉన్నకాడికి కడుగు. ఆమె తిట్లు మాకు యాదికున్నయి తియ్యి."

ప్రింటరుల కెల్లి ఓదెమ్మ కండ్లు ముందుగాల బయటికొచ్చినయి, ఎనక బూడిద. యాకయ్య దాన్ని అంగి లోపల పెట్టుకొని గడప కాడ ఆగిండు. "మిగిలినోళ్లకు నువ్వే చెప్పు చెల్లె. ఫోటోకు వచ్చినంక తెలుసుడు మంచిగుండది. నాకు తెలిసింది చాలు."

పద్మలత పాత రిజిస్టరు తీసి పదునాలుగు నంబర్లు ఎతికింది. మొదటిది కలిపింది. అవుతల ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నేను మరిపెడ ఫోటో స్టూడియో పద్మలతను," అన్నది. "మీ నాయిన ఫోటో నా తాన ఉండె కదా. దాన్ని నేనే పోగొట్టిన."