మూతలు మారిన పూట

ఆ వీధిలో ఆయన్ని ముప్ఫయ్యేళ్ళపాటు గడియారాల బాబాయి అన్నారు. నాలుగేళ్ళ నుంచి సీసాల బాబాయి అంటున్నారు. పేరు మారిందే గాని మనిషి వీసమెత్తు మారలేదు. అప్పుడు కొట్లో కూర్చుని చేసిన పనే ఇప్పుడు వంటింట్లో నిలబడి చేస్తున్నాడు, అంతే తేడా.

కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక తలుపు వెడల్పు, ఒక మనిషి లోతు. గోడ నిండా ఖాళీ మందుసీసాలు, వాటి నిండా వాచీల మరలూ చక్రాలూ ముళ్ళూ. పని నేర్పిన గురువుగారికి అక్షరమ్ముక్క రాదు. ఏ సీసాలో ఏముందో తెలియడానికి అందులోంచి ఒకటి తీసి మూత మీద జిగురుతో అంటించేవాడు. బాబాయికి చదువొచ్చు, ముత్యాల్లాంటి దస్తూరీ కూడా. అయినా గురువుగారి పద్ధతే పట్టుకున్నాడు. "రాసింది చదవాలంటే కళ్ళు కావాలి, అంటించింది వేలితో తడిమితే చాలు" అనేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

జనం టైము ఫోన్లో చూసుకోవడం మొదలుపెట్టాక కొట్లో ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఒకరోజు షట్టరు దించేసి ఇంటికొచ్చి, "రేపట్నించి వంట నాది" అన్నాడు. ఆయన భార్య, అంటే వీధి అందరికీ పిన్ని, రెడీమేడ్ బట్టల కంపెనీలో కుట్లు సరిచూసే పని చేస్తుంది. రిటైరవడానికి ఇంకా ఐదేళ్ళుంది. "మీరా, వంటా?" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. నెల తిరిగేసరికి నవ్వు మానేసి మారు వడ్డించుకోవడం మొదలుపెట్టింది.

వంట బాగానే ఉంది. వంటిల్లే వింతగా తయారైంది. ఆ ఇంట్లో ఖాళీ అయినదేదీ గడప దాటదు. ఐస్‌క్రీం డబ్బాలో వెల్లుల్లి, చాక్లెట్ల డబ్బాలో ఎండుమిర్చి, తేనె సీసాలో నూనె. బిస్కట్ల డబ్బా తెరిస్తే బిస్కట్లు కనబడిన దాఖలా లేదు. అన్నిటికన్నా ఆయనకి ముద్దు కాఫీ సీసాలు. ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఇరవై ఆరు. ఏ మూతైనా ఏ సీసాకైనా పడుతుందని వచ్చినవాళ్ళకల్లా బిగించి చూపించేవాడు. ఆ మూతల మీద కందిపప్పుకి కందిబద్ద, మిరియాలకి మిరియం అంటించి ఉండేవి. పొడులతోనే చిక్కొచ్చింది. పంచదార మూత మీద గోళ్ళరంగుతో చీమ బొమ్మ వేశాడు. ఉప్పు మూతకి తెల్ల చొక్కా గుండీ అంటించాడు. సింకు కింద దాచిన బొద్దింకల మందుకి పొట్లం చిరిగిపోతే, దాన్నీ ఓ కాఫీ సీసాలో పోసి, మూత మీద బొద్దింకని గీశాడు. మీసాలతో సహా గీశాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అలాగన్నమాట.

పిన్నికి ఆ మూతల భాష రాదు. నేర్చుకోనని భీష్మించుక్కూర్చుంది.

మూతలు మారిన ఆ పూటకి ముందురోజు ఆవిడకి సెలవు. మధ్యాహ్నమంతా వంటింటి అరలు దులిపింది. దులిపేకొద్దీ సీసాలు, సీసాల వెనక సీసాలు. రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఓర్పు నశించింది.

"అందరిళ్ళల్లో చక్కగా వరసగా స్టీలు డబ్బాలుంటాయి. మనింటికెవరైనా వస్తే పాతసామాన్ల కొట్టనుకుంటారు" అంది.

"స్టీలు డబ్బాలో ఏముందో బయటికి కనబడుతుందా?" అన్నాడు బాబాయి.

"కనబడే సీసాకి ఆ అంటింపులెందుకో మరి."

జవాబు లేనప్పుడు మగవాళ్ళు గొంతు పెంచుతారు, ఆయనా పెంచాడు. ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి పడుకున్నారు.

పొద్దున లేచి, ఆ కోపం తగ్గకుండానే బంగాళాదుంపల కూర చేసి, అన్నంతోపాటు మొత్తం ఆవిడ క్యారియర్లో సర్దేశాడు. తనకి రాత్రి మిగిలిన రొట్టెలు చాలనుకున్నాడు. క్యారియరు టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. వచ్చేసరికి ఆవిడ లేదు. "వెళ్ళొస్తా" అన్న మాటైనా లేదు. సరే, సాయంత్రానికి కోపం అదే దిగుతుందిలే అనుకుని పేపరు ముందేసుకున్నాడు.

పదకొండింటికి టీ పెట్టుకుందామని వంటింట్లోకొచ్చాడు. చీమ మూత కోసం చెయ్యి చాపితే ఆ మూత కింద కందిపప్పు కనబడింది. మిరియం మూత కింద మెంతులున్నాయి. బాబాయికి నవ్వొచ్చింది. నిన్న దులిపినప్పుడు మూతలన్నీ తోమి, ఏది దొరికితే అది బిగించిందన్నమాట. పప్పులకేం, అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి మార్చుకుంటూ వచ్చాడు. పొయ్యి పక్కన గుండీ మూత సీసా మామూలుగానే ఉంది. ఎందుకైనా మంచిదని అదీ విప్పాడు. లోపలి పొడి మరీ మెత్తగా, పిండిలా ఉంది. చిటికెడు వేళ్ళ మధ్య నలిపాడు. ఉప్పు చేతికి గరగరలాడాలి, ఇది జారిపోయింది.

వంగి సింకు కింద చూశాడు. బొద్దింక మూత సీసా అక్కడే ఉంది. బొద్దింక బొమ్మ ఎవరికైనా అర్థమవుతుంది గనక ఆవిడ దాన్ని మాత్రం సరైన చోటే పెట్టింది. మూత తీసి రెండో చేత్తో నలిపితే గరగరలాడింది, ఆ వేలి కొసతో నాలిక్కి తగిలించుకున్నాడు.

ఉప్పు.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. ఉప్పు సింకు కిందుంటే, పొయ్యి పక్కనున్నది బొద్దింకల మందు. పొద్దున కూరలో గుండీ మూత తడిమే వేశాడు. రెండు చెంచాలు. కాదు, మూడేమో. కోపంలో ఎన్ని వేశాడో కూడా గుర్తులేదు. రుచి చూసే అలవాటా, మొదటినుంచీ లేదు. గిన్నెలో మిగిల్చిందీ లేదు.

ఫోన్ అందుకున్నాడు. ఆ కంపెనీలో అందరి ఫోన్లూ గేటు దగ్గర ట్రేలో పెట్టి లోపలికెళ్ళాలి. ఆ సంగతి తెలిసీ పద్నాలుగుసార్లు చేశాడు. కంపెనీ నంబరుకి చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యమని రికార్డు గొంతు చెప్పి, పాట వినిపించింది. భోజనాల గంట పన్నెండున్నరకి. గడియారం వైపు చూడ్డానికి ఆయనకి మొదటిసారి భయమేసింది. డాక్టరుకి చూపించడానికని చిరిగిన మందు పొట్లాన్ని జేబులో కుక్కుకుని, తలుపు తాళం కూడా వేయకుండా వీధిలో పడ్డాడు.

అదృష్టం కొద్దీ ఆటో దొరికింది గానీ, కాస్త దూరం నడిచి రైలు గేటు దగ్గర ఆగిపోయింది. గూడ్సు బండి. దాని డబ్బాలు లెక్కపెట్టే ఓపిక లేక దిగి, బండి వెళ్ళగానే పట్టాలు దాటి పరుగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి, చెప్పులొకటి ముందూ ఒకటి వెనకాగా, ముప్పై నాలుగేళ్ళ కాపురం కళ్ళముందు తిరుగుతుండగా పరుగెత్తాడు. నిన్న రాత్రి గొంతు పెంచకుండా ఉంటే ఎంత బాగుండేదని ఏడుపొచ్చింది. స్టీలు డబ్బాలడిగింది, అంతేగా. కొనిపెడితే తన సొమ్మేం పోయింది?

కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరు కావాలి?"

"మా ఆవిడ. చెకింగ్ సెక్షన్. కూర..."

"కూర మర్చిపోయిందా?"

"లేదు బాబూ, పట్టుకెళ్ళింది."

"పట్టుకెళ్తే మరి మీరెందుకొచ్చారు?"

భార్యకి పురుగుల మందు పెట్టానని గేటు దగ్గర ఎలా చెప్తాడు? గేటు ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. ఆ మొహం చూసి వాచ్‌మనే కంగారుపడి, "అన్నాల గది ఎడంవైపు, వెళ్ళండి వెళ్ళండి" అని చెయ్యి తీసేశాడు.

అన్నాల గదిలో పొడుగాటి బల్లలు, స్టీలు గ్లాసులు, ఒకటే మాటలు. కిటికీ పక్కన పిన్ని కూర్చుని ఉంది. ఎదురుగా క్యారియరు, గిన్నెలు ఖాళీ. గోడమీద పన్నెండూ యాభై.

"ఇదేంటండీ, మీరిక్కడ?" అని ఆవిడ లేచి నిలబడింది.

"తిన్నావా?"

"తిన్నాను."

"మొత్తమా?"

"మొత్తమే. ఆకలేసి తిన్నాను గానీ, అదేం కూరండీ? ఉప్పు కాదు, సముద్రం. కోపముంటే నా మీద చూపించాలి గానీ కూరలో చూపిస్తారా? ఇప్పటికి నాలుగు గ్లాసులు నీళ్ళు తాగాను."

బాబాయి బల్ల పట్టుకున్నాడు.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"ఉప్పెక్కువైందన్నాను."

"నిజంగా? నా మీద కోపంతో అనడం లేదు కదా?"

పిన్ని బిత్తరపోయి చూస్తోంది. పక్క టేబులావిడ రోజూ పిన్నితో కూర పంచుకునే మనిషి. ఆయన అటు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, కూరలో ఉప్పెలా ఉంది?" అన్నాడు. ఆవిడ మర్యాద తెలిసిన మనిషి. మొగుడూపెళ్ళాల మధ్య తగవని ఆవిడకి అర్థమైంది.

"అబ్బే, ఎక్కువేం కాదన్నయ్యగారూ" అంది నవ్వుతూ. "అసలు ఉప్పున్నట్టే తెలియలేదు."

బాబాయి రెండు చేతులూ జోడించాడు. "మొహమాటం వద్దు తల్లీ, నీకు దండం పెడతాను, నిజం చెప్పు" అన్నాడు. ఆవిడ పిన్ని వైపు ఓసారి, ఆయన వైపోసారి చూసి, తల దించుకుంది.

"నిజం చెప్పాలంటే నోట్లో పెట్టుకోలేకపోయాను అన్నయ్యగారూ. నా వాటా కడుక్కుని తిన్నాను."

ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అయినా గిన్నె అందుకుని, అడుగున అంటిన కాస్త ముద్దా వేలితో తీసి నాకాడు. ఉప్పు. కటిక ఉప్పు. రెండుసార్లు వేసి ఉంటాడు. అరవై ఏళ్ళలో అంత చెడ్డ కూర ఆయన తిన్నది లేదు, అంత కమ్మటి కూరా తిన్నది లేదు. బెంచీ మీద కూలబడి, అంతమంది ఆడవాళ్ళ మధ్య, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఆ ఏడుపులోనే జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టి, మూతల సంగతంతా చెప్పాడు.

పొట్లం మీద పుర్రె బొమ్మ చూసి పక్కవాళ్ళు బెంచీలు వెనక్కి జరిపారు. పిన్ని చెయ్యి తెలియకుండానే గొంతు దగ్గరికెళ్ళింది.

"మూతలు నిన్న కాదండీ" అంది. "ఇవాళ పొద్దున తోమాను. మీరు స్నానానికెళ్ళాక."

"వంటయ్యాకా?"

"వంటయ్యాకే. రాత్రి మిమ్మల్ని అన్నేసి మాటలన్నాను కదా. జిడ్డు పట్టి ఉన్నాయి, మీకు బాగుంటుందని గబగబా కడిగి పెట్టేశాను. బస్సుకి టైమైపోతోంది, ఏది దేనిదో చూడలేదు." ఆవిడ బల్ల మీది పొట్లం వైపు చూసింది. "మీరు రాత్రికి వండి ఉంటే..."

"వండలేదుగా" అన్నాడు బాబాయి గబుక్కున. "వండలేదుగా. ఇద్దరం ఉన్నాంగా."

తప్పు నాదంటే నాదని ఇద్దరూ కాసేపు పోటీపడ్డారు. పక్క టేబులావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ముందా మందు పారేయండి, తరవాత తగువాడుకుందురు గాని" అంది. అన్నయ్యగారు పొద్దున్నుంచీ ఏమీ తినలేదని తెలిసి, తన బాక్సులో మిగిలిన పెరుగన్నం ముందుకు తోసింది. ఆయన ఆవురావురుమంటూ తిన్నాడు. పిన్ని ఐదో గ్లాసు నీళ్ళు సగం తాగి, మిగిలిన సగం ఆయనకిచ్చింది.

గంట కొట్టారు. ఆడవాళ్ళంతా లేచి మిషన్ల వైపు నడిచారు. పిన్ని క్యారియరు మూసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. రేపు కూడా ఈ క్యారియరు నింపమంటుందో, ఇక వంటింటి గడప తొక్కొద్దంటుందో అడిగే ధైర్యం లేదు. అడక్కుండా వెళ్ళే ధైర్యం అంతకన్నా లేదు.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపట్నించి ఉప్పు నేను వేస్తాను" అంది. "మిగతా వంటంతా మీదే."