పది ముక్కల పైన ఒకటి

ఇస్సిక్ కుల్ సరస్సు పైనున్న కొండల్లో ఐంబుబు నాభి వేరు తవ్వని వేసవి లేదు. బిస్మిల్లా అనుకుని తవ్వి, నీడన ఆరబెట్టి, గోధుమగింజంత ముక్కలు కోసేది. కీళ్ళనొప్పులకు రోజుకొకటి, మరిగించిన నీళ్ళలో. అది విషమని ఆమెకు తెలుసు. అమ్మ నేర్పిన కొలత ఉంది కదా అని ముప్పై ఏళ్ళు ధైర్యంగా ఇచ్చింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

గుర్రాల కాపరి జుమాదిల్‌కు మోకాళ్ళు పట్టేశాయని అతని భార్య సాయిరా వచ్చింది.

"మీ ఆయన ఇంకా జీనెక్కుతున్నాడా?"

"ఎక్కుతాడత్తా. దింపడానికే నలుగురం కావాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఐంబుబు పది ముక్కలు లెక్కపెట్టింది. పాలైనా పిండైనా సరిగ్గా కొలిచి ఇచ్చి ఊరుకోరు అక్కడ. బరకతు కోసం, దైవదీవెనగా, పైన ఇంకాస్త వేస్తారు. అలవాటు కొద్దీ వేరు కొసను, చిక్కుడుగింజంత దాన్ని, పొట్లంలో వేసింది. కోసుకుంటుందిలే అనుకుంది. చెప్పలేదు.

దీవెనగా వచ్చినదాన్ని కత్తితో తాకడమేమిటని సాయిరా పదకొండోరోజు దాన్ని అలాగే మరిగించి ఇచ్చింది.

జుమాదిల్‌కు పెదాలు తిమ్మిరెక్కాయి, నాలుక మొద్దుబారింది, వాంతులు మొదలయ్యాయి. సంగతి విని ఐంబుబు విరుగుడుకని పెరుగు గిన్నెతో వచ్చేసరికి ఊరి నర్సు కెంజెగుల్ నాడి పట్టుకుని ఉంది.

"ఏం తిన్నాడు?"

"మాంసమే" అంది సాయిరా, నేల చూస్తూ. తన మూడు కాన్పుల్లోనూ పక్కన కూర్చున్న ఐంబుబు పేరు ఆమె నోట రాలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఏం తాగాడో తెలియకుండా నర్సు ఏ వైద్యం చేస్తుంది? ఐంబుబు గిన్నె కింద పెట్టింది.

"నాభి వేరమ్మా. నేనే ఇచ్చాను. కొలత మించిపోయింది."

"కొలతెక్కడిదత్తా? ఒక వేరులో ఉన్నంత విషం ఇంకోదాంట్లో ఉండదు. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదంటే అల్లా దయ" అంటూనే నర్సు కారు కోసం పరుగెత్తింది.

పట్నం ఆసుపత్రి కనిపించేలోపే అతని గుండె ఆగిపోయింది.

సంతాపపు గుడారంలో సాయిరా అక్కడి ఆచారం ప్రకారం గుడారపు అంచువైపు తిరిగి శోకాలు పెడుతోంది. ఐంబుబు గుమ్మంలోనే నిలబడిపోయింది. సాయిరా తల తిప్పలేదు. కాస్త జరిగి, పక్కన చోటు మాత్రం ఇచ్చింది.

ఏడోరోజు వెళ్ళాక జుమాదిల్ అన్న తొక్తొసున్ కర్ర ఊతంగా ఐంబుబు ఇంటికి వచ్చాడు.

"వదినా, నాకూ మోకాళ్ళు వంగడం లేదు. కాస్త వేరు ఇవ్వు. చిన్నదే కోయి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు.

"అంతా గొయ్యి తీసి పూడ్చేశాను తొక్తొసున్."

"వాడి రాత అలా ఉంది. నీ తప్పేముంది?"

"నా తప్పే. పద, కెంజెగుల్‌కు చూపిద్దాం."

"అంత దూరం నేను నడవలేను."

ఆమె శాలువా కప్పుకుని, వచ్చి అతని చేతిని తన భుజం మీద వేసుకుంది.