మేనమామ చూడకూడని పళ్ళు

మా బడిలో వంట చేసే దేముడమ్మతో నేను మూడు వారాలు మాట మానేశాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని బడిలో అందరికీ తెలుసు. అయితే ఆ కోపంలో సగం నా మీద నాకే. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళూ మనసు రాలేదు.

కంచరపాలెంలో రైలు పట్టాలకు ఇవతల మాదొక చిన్న ప్రాథమిక పాఠశాల. నేను మూడో తరగతి టీచర్ని. దేముడమ్మ తగరపువలస దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. మొగుడు గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు, పిల్లలిద్దరూ చిన్నవాళ్ళుగా ఉండగానే జబ్బు చేసి పోయాడు. నాలుగిళ్ళలో అంట్లు తోమి కొడుకు నవీన్‌ని, కూతురు రోజారమణిని పెంచింది. మధ్యాహ్న భోజనం పని దొరికాక ఈ వంటగదే ఆమెకు ఇల్లయిపోయింది. తొంభై మంది పిల్లల్లో ఎవరి కంచంలో ఏం మిగిలిందో చూసి, వాడికి ఒంట్లో బాగాలేదనో, ఇంట్లో గొడవ జరిగిందనో చెప్పేసేది. నేను పరీక్షలు పెట్టి తెలుసుకోలేనివి ఆమె ఖాళీ కంచాల్లో చూసేది.

కూతురి కూతురు ఆశాజ్యోతి నా తరగతిలోనే ఉండేది. రోజారమణి అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీలో పనిచేస్తుంది, తెల్లారేసరికి బస్సెక్కేస్తుంది. తండ్రి లారీ డ్రైవరు, నెలకు రెండు సార్లు కనపడతాడు. అందుకని ఆశకు తల్లీ తండ్రీ దేముడమ్మే. మధ్యాహ్నం ఆ పిల్ల కంచంలో అన్నం విడిగా మెత్తగా మెదిపి ఉండేది. దేముడమ్మే గుడ్డు గరిటెతో నలిపి పప్పులో కలిపేది. వేరుశెనగ చిక్కీ ఇచ్చిన రోజు దాన్ని రాగిజావలో నానబెట్టి ఇచ్చేది. "మనవరాలికి స్పెషలా దేముడమ్మా?" అని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. "గారాబమండీ టీచరమ్మా, ఏటి సేత్తాను" అని నవ్వేసేది.

అంత మెత్తగా పెట్టినా ఆశ అందరికంటే ఆఖర్న లేచేది. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చునేది. గంట కొట్టినా కదిలేది కాదు. ఆ పిల్ల తల మీద నిలబడి "మింగు, మింగు" అని నేను ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. ప్రోగ్రెస్ కార్డులో "మొండితనం ఎక్కువ" అని నా చేత్తోనే రాశాను.

నిరుడు ఆషాఢ పౌర్ణమికి దేముడమ్మ ఎప్పటిలాగే సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణకు వెళ్ళింది. కొడుకు క్షేమం కోసమని ఏటా చెప్పులు లేకుండా నడుస్తుంది. మర్నాడు కాళ్ళు బొబ్బలెక్కి పనికి రాలేదు. వడ్డించిన రెండో వంటామెకు ఈ గారాబం సంగతి తెలియదు, అందరితో పాటు ఆశకూ గుడ్డు అలాగే వేసింది. నేను పక్కనే నిలబడి తొందరపెట్టాను. ఆశ చేత్తో తుంపిన సగం గుడ్డు నమలకుండానే మింగింది. అది గొంతుకు అడ్డంపడింది. పిల్ల కళ్ళు తేలేసింది. వంచి వీపు మీద నాలుగు చరిస్తే ముక్క బయటపడింది. దాని మీద ఒక్క పంటి గాటు కూడా లేదు.

ఆ నెలలోనే పళ్ళ డాక్టర్లు పిల్లల్ని చూడడానికి బడికి వచ్చారు. మధులత అనే డాక్టరమ్మకు ఆశను నేనే చూపించాను. పిల్ల ఒకసారి గుమ్మం వైపు చూసి, ఎవరూ లేరని నమ్మకం కలిగాకే నోరు తెరిచింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"మెల్లిగా పళ్ళు కలుపమ్మా" అంది డాక్టరమ్మ. ఆశ కలిపింది. కింది దవడ మూతపడే ముందు కుడివైపు ఇంత మేర జరిగింది.

"పై దవడ ఇరుగ్గా ఉంది. కుడివైపు పై పళ్ళు కింది పళ్ళకు బయటగా పడాలి, ఈ పాపకు లోపల పడుతున్నాయి. కుదరక దవడ పక్కకి జరుపుకుని మూస్తోంది" అని నాకు చూపించింది. "ఒక పక్కే నములుతుంది, అది కూడా సరిగ్గా నలగదు. అందుకే నోట్లో నానబెడుతుంది, లేకపోతే ముద్దలు ముద్దలుగా మింగుతుంది. చాలామంది ఇలాంటి పిల్లల్ని మొండివాళ్ళనుకుంటారు."

నేను తల దించుకున్నాను.

ఎముక ఎదుగుతున్న వయసు కనుక ఇప్పుడైతే సులువని, పళ్ళకు చిన్న స్క్రూ ఉన్న పరికరం అతికించి, రోజుకోసారి సన్నటి తాళంచెవితో తిప్పుతూ పై దవడను వెడల్పు చేయవచ్చని చెప్పింది. వదిలేస్తే ముఖమే ఒక పక్కకి పెరుగుతుందట, అప్పుడు ఆపరేషన్ దాకా పోవచ్చట. ఇంట్లోవాళ్ళ సంతకం కావాలంది. రోజారమణిని అడిగితే "అమ్మ ఒప్పుకుంటే నాకేటి మేడమ్" అంది.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆ పళ్ళని ఎవులూ ముట్టుకోకూడదు" అంది దేముడమ్మ.

ఎంతో గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పింది. ఆశకు తొమ్మిదో నెలలో పై పళ్ళు ముందొచ్చాయి. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మా కృష్ణా జిల్లాలోనూ అంటారు, వీళ్ళ వైపూ అంటారు. మేనమామ వెండి గిన్నె తెచ్చి శాంతి చేయాలట. నవీన్ నవ్వేసి ఊరుకున్నాడు. పక్షం తిరక్కుండా కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీ అతని బండిని గుద్దింది. కాలు రెండు చోట్ల విరిగి ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఇప్పటికీ కుంటుతాడు. దేముడమ్మ చిన్నప్పుడు ఆమె చెల్లెలికీ ఇలాగే పై పళ్ళు ముందొచ్చాయట, ఆ ఏడే వాళ్ళ మేనమామ పాము కరిచి పోయాడట. ఇప్పుడు ఆశ పళ్ళను కదిలిస్తే ఆ గండం మళ్ళీ లేస్తుందని ఆమె భయం.

"ఆ పాలపళ్ళు ఊడిపోయి ఏడాదైంది దేముడమ్మా!" అని అరిచాను.

"పళ్ళు ఊడితే దోసం ఊడిపోద్దా టీచరమ్మా? నాకు ఒక్కగానొక్క కొడుకు. మీకు అర్థంకాదు."

నిజమే, నాకు అర్థంకాలేదు. పిల్ల నమలలేకపోతోందని ఆమెకు ముందునుంచే తెలుసు. తెలిసే మెదిపి మెదిపి పెట్టింది. అంత ప్రేమ, అంత మూర్ఖత్వం ఒకే మనిషిలో ఎలా ఉంటాయో తెలియక ఒళ్ళు మండిపోయింది. అప్పట్నుంచే మాట మానేశాను. మూడు వారాలాగి, ఆమెకు చెప్పకుండా నవీన్‌కి ఫోన్ చేశాను.

నవీన్ పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు, పెళ్ళాంతో గాజువాకలో ఉంటాడు. ఆదివారాలే తల్లిని చూడడానికి వస్తాడు. శనివారం భోజనాలయ్యాక కుంటుకుంటూ వచ్చి వంటగది వరండాలో కూర్చున్నాడు. విషయం విని తల్లి వైపు తిరిగాడు.

"దీనికోసరమా అమ్మా? నన్ను లారీ గుద్దింది. ఈ గుంటదాని పళ్ళా గుద్దాయి?"

దేముడమ్మ గిన్నె తోముతూనే ఉంది.

"ఆశా, ఇలా రాయే తల్లీ. నోరు తెరు. మావయ్య సూత్తాడు."

ఆశ రెండు చేతులతో నోరు మూసుకుని గోడకు అతుక్కుపోయింది. నవీన్ నవ్వుతూ చెయ్యి పట్టుకుని లాగబోయాడు. పిల్ల వేళ్ళ సందులోంచి ఏడుపు వచ్చింది.

"సూడొద్దు మావయ్యా. సూత్తే సచ్చిపోతావు."

నవీన్ చెయ్యి వదిలేశాడు. "ఎవులు సెప్పారే?"

ఆశ అమ్మమ్మ వైపు చూడలేదు. "నాను నవ్వనేదు మావయ్యా. నువ్వొచ్చినప్పుడు ఎప్పుడూ నవ్వనేదు. నమిలితే పళ్ళు కనపడతాయని అన్నం కూడా అలగే మింగేత్తాను" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల మేనమామ ప్రాణం తన నోట్లో పెట్టుకుని కాపలా కాస్తుంటే, నేను దాన్ని మొండిదని కార్డులో రాశాను.

దేముడమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి, తడి నేల మీదే కూలబడింది. "నానే సెప్పాను. ఆడు వొచ్చినప్పుడల్లా నోరు ముయ్యే అని నానే కొట్టాను" అంది. నవీన్ లేచి గేటు బయటికి వెళ్ళి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మావయ్య చూడడని తెలిశాక ఆశ చేతులు దించింది. దేముడమ్మ పిల్ల గడ్డం పట్టుకుని నోట్లోకి చూసింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారట. చాలాసేపు చూసి, "సంతకం ఎక్కడెట్టాలి టీచరమ్మా?" అని నన్ను అడిగింది.

స్క్రూ పెట్టారు. రోజూ పొద్దున బడి మొదలయ్యే ముందు వరండాలో దేముడమ్మే తిప్పేది. మొదటి రోజు ఆమెకు తాళంచెవి కుదరకపోతే నేను పిల్ల తల పట్టుకున్నాను. తిప్పడం అవగానే ఆశ "మావయ్యకి ఫోన్ సెయ్యి" అనేది. చేసేదాకా గుమ్మం దాటేది కాదు.

"ఉన్నావా మావయ్యా?"

"ఉన్నాన్రా తల్లీ. ఇదిగో, కాటా కాడే ఉన్నాను."

అప్పుడు తరగతికి వచ్చేది. "ఏటీ అవదే, అయన్నీ ఒట్టి మాటలే" అని దేముడమ్మ రోజూ చెప్పేది. నేనూ చెప్పేదాన్ని. పన్నెండో రోజుకి పళ్ళు కొంచెం సర్దుకున్నాయని డాక్టరమ్మ సంతోషించింది. మెత్తటి ఇడ్లీ ముక్క రెండు వైపులా నమిలి చూపించింది ఆశ. ఇక గండం గడిచిందనే అనుకున్నాను.

పద్నాలుగో రోజు నవీన్ ఫోను ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కాటా దగ్గర లారీల చప్పుడులో వినపడలేదేమో అన్నాను. దేముడమ్మ సరేనంటూనే మళ్ళీ మళ్ళీ నొక్కింది. పొయ్యి మీద పప్పు అడుగంటి మాడు వాసన వచ్చినా లేవలేదు. గంట కొట్టారు, ప్రార్థన కూడా అయిపోయింది. అరగంట తర్వాత ఫోను మోగింది. ఆశ చెయ్యి చాచింది. దేముడమ్మ ఇవ్వలేదు. ఫోను చెవికి అదుముకుని, తనే అడిగింది.

"ఉన్నావా బాబూ?"

లారీల చప్పుడులో ఫోను వినపడలేదని అవతల నవీన్ చెబుతున్నాడు. దేముడమ్మ కళ్ళు మూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని వింటోంది. ఆశ అమ్మమ్మ ముఖాన్నే చూసింది. కాసేపటికి రెండు చేతులూ మెల్లిగా నోటి మీదికి తెచ్చుకుంది.