డాక్టరమ్మ ‘మీ ఇష్టం’ అన్నది

‘మీ ఇష్టం’ అనే మాట మనిషి నెత్తి మీది బరువు దించుతుందా, ఇంకొంత ఎత్తిపెడుతుందా? ఖుర్షీద్ బేగం సంగతి తలపుకొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది. జవాబు ఈనాటికీ తేలలేదు.

ఆమె కోరుట్లలో గాజులమ్మేది. గాజుల మలారం భుజానికేసుకుని వాడవాడా తిరిగి, గడప ముందు కూర్చుని, ఆడవాళ్ల చేతులు ఒత్తి ఒత్తి మెత్తబరిచి తొడిగేది. “ఏ రంగెయ్యాలె బిడ్డా?” అంటే సగం మంది “నీ ఇష్టం” అనేవారు. ఆకుపచ్చవి తీస్తే మొహం ముడిచి, ఎర్రవి తీస్తే చెయ్యి చాపేవారు. పైకి ఏమన్నా లోపల ఎవరి ఇష్టం వాళ్లకుంటుందని ఆమెకు అట్లా తెలుసు. తన ఇష్టమేమిటని మాత్రం ఎవరూ అడిగింది లేదు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బందు, బడులు బందు. అప్పుడే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. జగిత్యాలలో డాక్టర్ ఐశ్వర్య పరీక్షలన్నీ చూసి, భర్త గౌస్‌తోనో కొడుకు అబ్రార్‌తోనో కాకుండా ఖుర్షీద్ వైపే తిరిగి మాట్లాడింది. క్యాన్సరే, కానీ తొందరగా దొరికింది. రొమ్ము మొత్తం తీసేయవచ్చు. లేదంటే గడ్డ వరకే తీసి, ఆ తర్వాత హైదరాబాదులో ఉండి కొన్ని వారాలు రోజూ రేడియేషన్ కరెంటు పెట్టించుకోవచ్చు. ఏది చేసినా ఆయుష్షులో తేడా రాదు.

“ఆలోచించుకోని వారంల చెప్పుండ్రి అమ్మా. మీ ఇష్టం.”

బయటికొచ్చి గౌస్ మెట్ల మీద కూలబడ్డాడు. అతని తల్లి మంచం పట్టినప్పుడు కూడా ఒక డాక్టరు ఇదే మాట అన్నాడు: ‘ఇగ మీ ఇష్టం, ఏం తింటనంటే అది పెట్టుండ్రి.’ డాక్టరు నోట ఆ మాట వచ్చిందంటే దాని అర్థమేమిటో ఈ వైపు చిన్నపిల్లలకూ తెలుసు. అబ్రార్, తండ్రి మొహం చూసి తానూ కళ్లు తుడుచుకున్నాడు. ఖుర్షీద్‌కూ అదే నిజమనిపించింది.

ఆ పూట నుంచి ఇంట్లో ఆమె మాటే మాట. సిరిసిల్ల నుంచి కూతురు గజాలా, కథలాపూర్ దగ్గర రోడ్డుకడ్డంగా మొద్దులు వేసి ఉంటే మొగుడి బండి మీద పొలాల వెంబడి తిరిగి వచ్చి పాయా వండింది. కాపురానికొచ్చాక మొదటిసారి గౌస్ చాయ్ చేసి తెచ్చాడు. చక్కెర పాకంలా ఉంది. ఆమె తాగింది. ఫ్యాన్ వెయ్యాలా, తియ్యాలా, పప్పా, కూరా, ఇటు పడుకుంటావా, అటా? అడిగి అడిగి ఆమెను అలసగొట్టారు.

పక్కింటి సత్యవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని వచ్చి కూర్చుంది.

“ఏందే ఖుర్షీద్‌బీ, కొత్త అల్లునికి పెట్టినట్టు పెడ్తున్రు?”

“డాక్టరమ్మ ‘మీ ఇష్టం’ అన్నది సత్తెక్కా. అయిపోయింది ఇగ.”

“ఇంకేమన్నది?”

“వారంల చెప్పుమన్నది.”

సత్యవ్వ చేతిలో ఆకు ఆగిపోయింది. “నీ పాడుగాను! సచ్చెటోళ్లకు ఎవలన్న గడువు పెడ్తరా? చెప్పుమన్నదంటే చేసేది ఉన్నట్టే గద! గౌస్ భాయ్, నీకు దిమాగ్ ఉన్నదా?”

“మా అమ్మకు గూడ గట్లనే...”

“మీ అమ్మకు ఎనభై ఏండ్లయ్యా!”

గడువు అప్పటికే దాటింది. డాక్టరమ్మ ముందు మొహం చెల్లదని గౌస్ రాలేదు. ఖుర్షీద్, సత్యవ్వ ఇద్దరే ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. మేడిపల్లి దగ్గర నడిరోడ్డు మీద సమ్మెవాళ్లు పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

“తెలంగాణ అచ్చినంక పోరాదు అవ్వా!” అని ఒకడు నవ్వాడు.

“గందాక గడ్డ ఆగుతదారా?” అంది సత్యవ్వ. వాడి నవ్వు పోయింది. వాడే రాళ్లు పక్కకు జరిపాడు.

డాక్టరమ్మ గడ్డను మళ్లీ చూసింది. “లేటు చేసిన్రు గని, ఏం గాలేదు. ఏమనుకున్నరమ్మా?”

“నువ్వైతే ఏం జేస్తవు బిడ్డా?”

“నేనైతే గడ్డ వరకే తీపిచ్చుకుంట. హైదరాబాదుల మా అక్క ఇల్లున్నది నాకు. మీకెవరున్నరు?”

ఊరు కాని ఊరు. రోజూ తెల్లారితే ఆస్పత్రి. తోడుకు ఎవరో ఒకరు పని మానుకుని పక్కన కూర్చుని ఉసూరుమనడం. ఇవన్నీ ఖుర్షీద్ కళ్ల ముందు మెదిలాయి. ధైర్యం కాదు, దుఃఖం కాదు, ఒట్టి అలసట.

“మొత్తం తీసెయ్యి బిడ్డా. తిరిగే ఓపిక లేదు నాకు.”

“ఇంట్ల ఒక్కసారి అడుగుతరా?”

“నువ్వు అడిగింది నన్ను గద.”

డాక్టరమ్మ నవ్వలేదు. సోమవారం పొద్దున్నే ఆపరేషన్‌కు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా రమ్మంది.

బతుకుతుందని తెలియగానే ఇంట్లో ఏడుపులు నవ్వులయ్యాయి. ఆ వెంటనే కొట్లాట మొదలైంది. మొత్తం ఎందుకు తియ్యాలి, హైదరాబాదే పోదామని అబ్రార్. సిరిసిల్లలో తన మొగుడికి తెలిసిన డాక్టరున్నాడు, ఆయనకు చూపించాకే ఏదైనా అని గజాలా. సమ్మె అయిపోనియ్యండి, తొందరేముందని గౌస్.

“నేను డాక్టరమ్మకు చెప్పే అచ్చిన” అంది ఖుర్షీద్.

“నీకేం ఎరుక అమ్మీ, నువ్వు జర ఊకో” అన్నాడు అబ్రార్.

ఆ సాయంత్రం చాయ్ ఆమే పెట్టింది.

సోమవారం పొద్దునకు కూడా ముందరి గదిలో ఆ ముగ్గురి మాటలు తెగలేదు. “నక్కో అబ్బా, నక్కో!” అని, వద్దంటే వద్దని గజాలా గొంతు లేస్తోంది. ఖుర్షీద్ వంటింట్లో బుర్ఖా తొడుక్కుని, రెండు చీరలూ తువ్వాలూ సంచిలో పెట్టుకుంది. గల్లీ చివర ఆటోలో సత్యవ్వ కూర్చుని ఉంది. ‘పోయొస్త’ అంటే ఎక్కడికంటారు. ఎక్కడికో చెబితే మళ్లీ మొదటి నుంచీ అందుకుంటారు.

“అమ్మీ, పానీ” అని అబ్రార్ కేకేశాడు.

ఎండిన నాలుకతో ఆమె గ్లాసు నింపి తెచ్చింది. అబ్రార్, తండ్రి మొహం మీది నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపి అందుకున్నాడు. ఆమె వంటింట్లోకి తిరిగి వెళ్లి, సంచీ తీసుకుని, వెనక తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి గల్లీలోకి దిగింది.