పండా పుస్తకంలో ఆవిడ పేరు

ఎనభైల మొదట్లో మా గది ఘాజియాబాద్‌లో ఒక పిండిమర పైన ఉండేది. కింద మర తిరిగినంతసేపూ మా మంచాలు వణికేవి. ఆ వణుకులోనే నేనూ, మా గోదావరి జిల్లావాడే అయిన నా మిత్రుడూ సివిల్స్‌కి చదివేవాళ్లం.

పరీక్ష మూడు వారాలుందనగా వాళ్లమ్మ దగ్గర్నుంచి వాడికి ఉత్తరం వచ్చింది. వాళ్ల నాన్న బడిపంతులు. వాడికి పదకొండేళ్లప్పుడు ఒక పొద్దున్న గొడుగు పట్టుకుని బయటికెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. వచ్చే అమావాస్యకు పన్నెండేళ్లు నిండుతాయి. అన్నేళ్లు జాడ తెలియని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మలు జరిపించడం వాళ్లింటి ఆచారం. ఆ పదోనాడు ఆవిడ బొట్టు తీసేస్తారు. పెదనాన్నలు అన్నీ మాట్లాడేశారు. ఉత్తరంలో ఆవిడ ఏడవలేదు. హరిద్వారంలో చూశామని యాత్రకెళ్లొచ్చినవాళ్లెవరో ఎప్పుడో అన్నారనీ, నువ్వు దగ్గర్లోనే ఉన్నావు గనక ఒక్కసారి చూసి రమ్మనీ, ఆ తర్వాత తన మొహానికి ఏం చేసినా ఊరుకుంటాననీ రాసింది.

రెండేళ్లుగా ఇక్కడే ఉండి వాడు ఒక్కసారీ హరిద్వారం వెళ్లలేదు. ఎందుకని నేనూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఉత్తరం మీద ఒళ్లు మండింది. పరీక్ష నెత్తిమీద పెట్టుకుని రెండు రోజులు పాడుచేసుకోవడమేమిటని. కానీ వాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని తినడం మరిచిపోయాడు. అది చూశాక మర్నాడు పొద్దున్నే మీరట్ మీదుగా వెళ్లే బస్సెక్కాం.

వాడి దగ్గర వాళ్ల నాన్నది ఒక బడి ఫోటో ఉంది. కోటు, ఒత్తయిన మీసాలు, చేతిలో గడియారం గొలుసు. ఆ ఫోటో పట్టుకుని ఘాట్‌లన్నీ, ఆశ్రమాలన్నీ, సత్రాలన్నీ తిరిగాం. గడ్డాలూ జడలూ పెరిగిన వందలమందిలో మీసాలు దువ్వుకున్న పంతులుగారి కోసం వెతికాం. అంత చదువు చదివిన వెధవలం, ఆ మాత్రం తట్టలేదు. రెండోరోజు పొద్దుటికి వాడు కనబడ్డ ప్రతి ముసలి సాధువు చెయ్యీ పట్టుకుని తెలుగు వచ్చా అని అడగడం మొదలుపెట్టాడు. ఒకాయన విదిలించి కొట్టాడు. వాడు మెట్లమీద కూలబడి, చుట్టూ జనం చూస్తుండగా, పైకే ఏడ్చాడు. నాకు భయం వేసింది. ఇంక పోదాం రా అన్నాను.

మేం రెండు రోజులుగా టీ తాగుతున్న కొట్టాయన ఇదంతా చూస్తున్నాడు. "ఫోటో కాదు భయ్యా, ఊరు చెప్పండి. మీ ఇలాకా పండాజీ దగ్గరికెళ్లండి," అన్నాడు. అక్కడ ఒక్కో ప్రాంతం యాత్రికులకు ఒక్కో పండా, అంటే తీర్థ పురోహితుడు, ఉంటాడు. వచ్చినవాళ్లు తమ వంశమంతా ఆయన పుస్తకంలో సొంత చేత్తో రాసి వెళ్తారు. తరతరాల నుంచీ అంతే.

పండా ముసలాయన. జిల్లా, ఊరు, ఇంటిపేరు అడిగి, ఎర్రగుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం విప్పాడు. చాలాసేపు వెతికి ఒకచోట వేలు పెట్టాడు. తెలుగు. వాడు వంగి చూసి, "నాన్న రాత," అన్నాడు. కింద తేదీ ఐదేళ్ల కిందటిది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఐదేళ్ల కిందట బతికున్నాడంటే పన్నెండేళ్ల లెక్క చెల్లదు. కర్మ ఆగుతుంది, బొట్టు ఉంటుంది. వాడి వీపు మీద చరిచాను. వాడు కదల్లేదు. అప్పుడు నేనూ చదివాను. తాత పేరు, తండ్రి పేరు, తన పేరు. తర్వాత భార్య పేరు, పక్కన "కాలం చేసినది". ఆ కింద "సంతానం లేదు".

పండా తాపీగా హిందీలో చెప్పాడు. పెళ్లాం బిడ్డలున్నవాడికి వాళ్ల ఒప్పుదల లేకుండా సన్యాసం ఇవ్వరట. ఆయన ఈ పేజీ రాసి, మర్నాడు నది ఒడ్డున తన పిండం తానే పెట్టుకుని, కొండల వైపు వెళ్లిపోయాడట. ఎక్కడికో తెలియదు. నాకు ఆ పుస్తకాన్ని గంగలోకి విసిరేయాలనిపించింది. ఊళ్లోవాళ్లు ఈయన్ని చంపడానికి పన్నెండేళ్లు ఆగారు. ఈయన ఆవిణ్ణి చంపడానికి ఏడేళ్లే ఆగాడు.

మామూలు ప్రకారం పండా కలం ముందుకు తోశాడు. వచ్చినవాళ్లు కింద రాయాలి. వాడు వాళ్లమ్మ పేరు రాసి, పక్కన "క్షేమం" అని రాశాడు. దాని కింద తన పేరు, "కొడుకు".

తిరుగు బస్సులో మీరట్ దాటాక, "అమ్మకేం రాయను రా?" అన్నాడు.

"బతికే ఉన్నారని రాయి. ఆవిడ పేరు తన చేత్తో రాశారని రాయి. రెండూ నిజమేగా," అన్నాను.

ఆ ఉపాయం నాదే. వాడు నా మాటలే పొల్లుపోకుండా రాశాడు. పరీక్షకు నాలుగు రోజుల ముందు జవాబొచ్చింది. కర్మ ఆపేశారట. పెదనాన్నలు నోరెత్తలేదట. చివర్లో ఇలా ఉంది: "నా పేరు రాశారన్నావు, అది చాలు నాకు. పక్కన ఇంకేమైనా రాశారా నాన్నా? ఆ ముక్క కూడా రాయి."

వాడు ఉత్తరం నా పుస్తకం మీద పెట్టి, "అదీ నువ్వే చెప్పు," అన్నాడు. కింద మర తిరుగుతూనే ఉంది.

ఆవిడ పోయేదాకా ప్రతి ఉత్తరంలోనూ అడిగింది. మేం ఒక్కసారీ రాయలేదు.